చాయ్ పెట్టుకొచ్చినా తెరుచుకోని కంప్యూటర్

పొద్దున ఐదున్నరకు లేచి కంప్యూటర్ స్విచ్ నొక్కి, వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టి, అత్తమ్మకు ఒక గ్లాసు ఇచ్చి, నా గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చునేదాన్ని. తెర మీద ఆ చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. ఒకరోజు విసుగొచ్చి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. స్విచ్ నొక్కిన దగ్గర్నుంచి కోరల్‌డ్రా (నేను డిజైన్లు చేసే సాఫ్ట్‌వేర్) తెరుచుకునేదాకా 7 నిమిషాల 40 సెకన్లు! అంతసేపట్లో నేను ఉప్మా కూడా చేసేయగలను.

మాది జనగామ. ఇంట్లో ముందుగదిలోనే డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చుకు డిజైన్లు చేసే పని, చేస్తాను. పెళ్లి పత్రికలు, బడుల ప్రశ్నపత్రాలు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, దశదిన కర్మ కార్డులు, ఏది వస్తే అది. కంప్యూటర్ 2014లో సికింద్రాబాద్‌లో అసెంబుల్ చేయించింది. ఇంటెల్ వాళ్ల ఫోర్త్ జెనరేషన్ ఐ3 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. అప్పట్లో అది మా వీధిలో కొత్త పెళ్లికూతురు. ఇప్పుడు మూలుగుతూ లేచే ముసలమ్మ.

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయిని అడిగితే, "అమ్మా, దాన్ని పాత సామాన్ల బండికి వేసెయ్. 48 వేలల్లో మంచి ల్యాప్‌టాప్ వస్తుంది" అన్నాడు. వాడికి 48 వేలు ఒక అంకె. నాకు పత్రిక డిజైన్‌కు 300 వస్తాయి. అంటే 160 పెళ్లిళ్లు. జనగామలో ఏడాదికి నా దగ్గరికి వచ్చే పెళ్లిళ్లన్నీ దానికే పోతాయి.

పోయిన ఏడాది, అంటే 2025 ఆషాఢంలో, చేతిలో పని లేదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కదా, మాలాంటి వాళ్లకు అది బలవంతపు సెలవు. శ్రావణం వచ్చేలోపు ఏదో ఒకటి తేల్చాలని కూర్చున్నాను.

ముందు చేసిన మంచి పని ఒక్కటే. కొనడానికి పరిగెత్తకుండా, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, లోపల దేని మీద ఎంత బరువు పడుతోందో చూపించే టాస్క్ మేనేజర్ చూశాను. ఫోటోషాప్, కోరల్‌డ్రా, క్రోమ్‌లో వాట్సాప్ వెబ్, ఈ మూడే తెరిచి ఉన్నాయి. మెమరీ 94 శాతం. డిస్క్ 100 శాతం. ప్రాసెసర్ మాత్రం 20 శాతం దగ్గర తీరిగ్గా కూర్చుంది. అంటే తప్పు ఐ3ది కాదు. దాన్ని ఇన్నాళ్లూ ఊరికే తిట్టాను.

నాకు అర్థమైన తీరులో చెప్తాను. ర్యామ్ అంటే వంటగట్టు, హార్డ్‌డిస్క్ అంటే అటక. గట్టు వెడల్పుగా ఉంటే కూరగాయలు, పోపుల పెట్టె, కుక్కర్ అన్నీ చేతికందేలా పెట్టుకుని చకచకా వండొచ్చు. గట్టు ఇరుకైతే? ఉల్లిపాయలు తరగాలంటే కుక్కర్‌ను అటకెక్కించాలి, కుక్కర్ కావాలంటే ఉల్లిపాయలు అటకెక్కించాలి. నా కంప్యూటర్ పొద్దస్తమానం చేస్తున్నది ఇదే. ర్యామ్ నిండగానే విండోస్ కొంత సరుకును హార్డ్‌డిస్క్ మీద పేజ్ ఫైల్‌లోకి తోస్తుంది, కావాల్సినప్పుడు మళ్లీ దించుతుంది. తిరిగే హార్డ్‌డిస్క్‌లో సూది అటూ ఇటూ జరిగి వెతికి తీయాలి కాబట్టి ఆ ఎక్కిదిగడానికే పుణ్యకాలం గడిచిపోతుంది.

ఫ్లెక్సీ పని చేసేవాళ్లకు ఇంకో లెక్క. 10 అడుగులు ఇంటూ 6 అడుగుల ఫ్లెక్సీని అంగుళానికి 72 చుక్కల చొప్పున పెట్టుకున్నా 8,640 ఇంటూ 5,184. దాదాపు నాలుగున్నర కోట్ల చుక్కలు. సీఎంవైకేలో, అంటే అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతిలో, చుక్కకు 4 బైట్లు. నిండుగా ఉన్న ఒక్క లేయరుకే సుమారు 170 ఎంబీ. మన నాయకుల ఫ్లెక్సీలో పెద్దాయన ఫోటో, ఆయన పక్కన ఇంకో పెద్దాయన, కింద వరసగా పదిహేను మంది అభిమానుల తలకాయలు, అందరివీ తలో లేయరు. 4 జీబీ ఏ మూలకు?

ఇంకో వింత కూడా అప్పుడే బయటపడింది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో "4 జీబీ, వాడుకోదగ్గది 3.41 జీబీ" అని ఉంది. కింద "32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్". అంటే ప్రాసెసర్ 64-బిట్‌దే, విండోస్ మాత్రం 32-బిట్‌ది. 2014లో అసెంబుల్ చేసిన అబ్బాయి 32-బిట్ విండోస్ 7 ఎక్కించాడు. తర్వాత దాన్నే విండోస్ 10కు మార్చుకున్నాం కాబట్టి అదీ 32-బిట్‌గానే వచ్చింది. ఇంట్లో వాడే 32-బిట్ విండోస్ 4 జీబీ దాటి ర్యామ్‌ను చూడలేదు, అందులోనూ కొంత మిగతా పరికరాల చిరునామాలకు పోతుంది. నేను 16 జీబీ తెచ్చి గుచ్చినా అది ఆ 3.41 దగ్గరే కూర్చునేది. ఇది చూడకుండా ర్యామ్ కొని "ఏం తేడా లేదు" అనే వాళ్లు చాలామంది ఉంటారని నా అనుమానం.

ఇంత తెలివిగా మొదలుపెట్టి, తర్వాత తెలివితక్కువ పని చేశాను. ఆన్‌లైన్‌లో 8 జీబీ డీడీఆర్3 (నా బోర్డుకు పట్టే పాత తరం రకం) డెస్క్‌టాప్ ర్యామ్ 640 రూపాయలకే కనపడింది. కొత్తది, పెట్టెలో. వెంటనే కొనేశాను. తెచ్చి గుచ్చి స్విచ్ నొక్కితే తెర నల్లగా ఉంది, లోపల్నుంచి కీ కీ అని ఆగకుండా అరుపు. తీసి మళ్లీ గుచ్చాను. రెండో స్లాటులో పెట్టాను. అదే అరుపు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో చూస్తే "ఏఎండీ బోర్డులకు మాత్రమే" అని ఉంది. ఏఎండీ అంటే ఇంటెల్‌కు పోటీగా ప్రాసెసర్లు చేసే ఇంకో కంపెనీ. ఆ రకం కార్డుల మీద చిప్పుల అమరిక వేరుగా ఉంటుంది, ఇంటెల్ వాటిని గుర్తుపట్టదు. చవగ్గా దొరికే డీడీఆర్3 కొత్త కార్డుల్లో ఇవి తగులుతుంటాయి. వెనక్కి తీసుకోమంటే అమ్మినవాడు "వివరాల్లో రాశాం కదా మేడమ్" అన్నాడు. నిజమే, ఎనిమిదో లైనులో రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో రిబ్బన్ల మధ్య ఉంది.

ఆ కోపంలో ఇంకో ప్రయత్నం. మా అబ్బాయి పాత ల్యాప్‌టాప్ బోర్డు కాలిపోయి రెండేళ్లుగా బీరువా మీద పడి ఉంది. దాంట్లోనూ 8 జీబీ ర్యామ్ ఉందిగా, తీసి ఇందులో పెడదాం అనుకున్నాను. విప్పి చూస్తే ఆ కార్డు పొట్టిది, డెస్క్‌టాప్ కార్డులో సగం పొడవు. ల్యాప్‌టాప్‌ది వేరు, డెస్క్‌టాప్‌ది వేరు. పోనీ విప్పినందుకు ఒక లాభం దక్కింది, అది తర్వాత చెప్తాను.

ఇక లాభం లేదని రైలెక్కాను. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ ప్యారడైజ్. అక్కడ్నుంచి నడిస్తే పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది. బోనాల రోజులు కావడంతో దారంతా వేపాకు తోరణాలు, లైట్ల దండలు. నా మెషీన్ పుట్టిల్లు అదే కదా, పదకొండేళ్ల తర్వాత ఆషాఢానికి తల్లిగారింటికి వచ్చినట్టయింది. మెషీన్‌ను తేలేదు, దానిలోంచి తీసిన పాత ర్యామ్ కార్డును మాత్రం తెచ్చాను. (ఏఎండీ కార్డు వచ్చిన వెండి రంగు కవర్ ఇక్కడ పనికొచ్చింది. మామూలు ప్లాస్టిక్ కవర్లో ర్యామ్ పెట్టొద్దు, స్టాటిక్ కరెంటుకు పాడవుతుంది.)

ఇది నేను అందరికీ చెప్పే మాట. నోటితో చెప్పొద్దు, పాత కార్డు చూపించండి. డీడీఆర్3, డీడీఆర్4 చూడ్డానికి ఒకే పొడవులో ఉంటాయి. కింద అంచున ఉండే గాటు మాత్రం ఒకే చోట ఉండదు. డెస్క్‌టాప్ డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు, బలవంతం చేస్తే బోర్డు పగులుతుంది. సర్వర్లలోంచి తీసిన కార్డులు కూడా సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తాయి, రిజిస్టర్డ్ అని రాసి ఉంటుంది. అవీ ఇంటి బోర్డుల్లో నడవవు.

మొదటి దుకాణంలో ఆయన నా బోర్డు పేరు వినగానే నవ్వి, కొత్త బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిపి కాంబో చూపించడం మొదలుపెట్టాడు. రెండో దుకాణంలో కుర్రాడు కార్డు తిప్పి చూసి ఏం మాట్లాడకుండా సొరుగు లాగాడు. సొరుగు నిండా పాత డీడీఆర్3 కార్డులే, పేకముక్కల్లా. 8 జీబీ, 1600 వేగం, పేరున్న కంపెనీది, 950. నా ముందే ఒక బోర్డులో గుచ్చి 8 జీబీ చూపించాడు. బిల్లు లేదు. విజిటింగ్ కార్డు వెనక తేదీ రాసి, "నెల రోజులు చెకింగ్ వారంటీ అక్కా" అన్నాడు. ర్యామ్ సెకండ్ హ్యాండ్ కొనడానికి నాకు భయం లేదు. దాంట్లో తిరిగేది, అరిగేది ఏమీ లేదు. బాగుంటే ఏళ్లపాటు బాగుంటుంది, చెడితే పరీక్షలో దొరికిపోతుంది.

ఇక అటక సంగతి. హార్డ్‌డిస్క్ బదులు విండోస్ పెట్టుకోవడానికి ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని, చిప్పులతో చేసిన వేగమైన డిస్క్, కావాలి. ఎస్‌ఎస్‌డీ విషయంలో మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు. దానికి రాతల లెక్క ఉంటుంది, వాడేకొద్దీ ఆయుష్షు తగ్గుతుంది. కొత్తదే, 18 శాతం జీఎస్‌టీ బిల్లుతో, మూడేళ్ల వారంటీతో 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ 1,750కి తీసుకున్నాను. 512 తీసుకోమని కుర్రాడు ఒత్తిడి చేశాడు. నా విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఫాంట్లు అన్నీ కలిపి 90 జీబీ దాటవని ఇంట్లోనే లెక్క చూసుకుని వెళ్లాను కాబట్టి లొంగలేదు. పాత ఫైళ్లు ఎలాగూ హార్డ్‌డిస్క్ మీదే ఉంటాయి. కేబుల్, పవర్ స్ప్లిటర్ కలిపి 120.

బిగించడానికి మా వీధి చివర మొబైల్ షాపు తమ్ముడిని పిలిచాను. సైడు డోరు తీయగానే మా అత్తమ్మ తొంగి చూసి, "దీని కడుపుల ఇంత చెత్త ఉంటే అది ఎట్ల లేస్తది?" అంది. ఫ్యాన్ చుట్టూ దుమ్ము కంబళిలా పేరుకుపోయి ఉంది. అది దులిపి, పాత ర్యామ్ పిన్నులను పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, బ్రష్‌తో తుడిచి గుచ్చాడు. ఎస్‌ఎస్‌డీ పెట్టడానికి నా క్యాబినెట్‌లో చోటు లేదు. డబుల్ టేపుతో పక్క గోడకు అతికించాడు. నేను అనుమానంగా చూస్తే, "దాంట్ల తిరిగేదేం లేదక్కా, ఎట్ల పెట్టినా ఊగదు" అన్నాడు.

ఒక్క జాగ్రత్త నేనే చెప్పాను. కొత్త విండోస్ ఎక్కించేటప్పుడు పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకేయమన్నాను. రెండూ ఉంటే నిద్రమత్తులో ఒక్క క్లిక్కుతో వేరే డిస్క్ ఫార్మాట్ అయిపోతుంది. 64-బిట్ విండోస్ 10 ఎస్‌ఎస్‌డీ మీద శుభ్రంగా ఎక్కాక, మళ్లీ పాతదాన్ని తగిలించాం. ఉన్న విండోస్‌నే యథాతథంగా మార్చుకోవాలంటే క్లోన్‌జిల్లా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కానీ నాకు 32-బిట్ పీడ వదిలించుకోవాలి కాబట్టి క్లోనింగ్ కుదరదు. తెలుగు ఫాంట్లతో ఏం గొడవ వస్తుందోనని చాలా టెన్షన్ పడ్డాను. అను ఫాంట్లు సజావుగా వచ్చాయి. పేజ్‌మేకర్ 7 మొరాయించింది. పేజీలు కూర్చే 2001 నాటి సాఫ్ట్‌వేర్ అది, దాని ముసలి అలకలు దానివి. రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే దారికొచ్చింది.

మొదటిరోజు కావాలనే ఎస్‌ఎస్‌డీ ఒక్కటే పెట్టి, ర్యామ్ పాత 4 జీబీతోనే నడిపాను. దేని వల్ల ఎంత లాభమో తెలియాలి కదా, నా డబ్బులు. స్విచ్ నొక్కితే 35 సెకన్లలో తెర వచ్చేసింది. చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగేలోపే! కానీ పెద్ద ఫ్లెక్సీ తెరిచి లేయర్లు జరిపితే మళ్లీ ఆగి ఆగి కదిలింది. మర్నాడు 8 జీబీ కార్డు కూడా పెట్టాక, మొత్తం 12 జీబీతో, ఆ ఆగడం పోయింది. రెండింట్లో ఒక్కదానికే డబ్బులున్నాయంటే నేను ఎస్‌ఎస్‌డీకే ఓటేస్తాను. ఉత్తరాలు, ప్రశ్నపత్రాలు, బ్రౌజింగ్ వరకైతే అదొక్కటే సగం రోగం కుదురుస్తుంది.

4, 8 కలపొచ్చా అని అడుగుతారు. కలపొచ్చు. రెండింట్లో ఒకటి నెమ్మదిదైతే రెండూ ఆ వేగంతోనే నడుస్తాయి, అంతే. రాత్రి పడుకునే ముందు పెన్‌డ్రైవ్‌లోంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ పెట్టి వదిలేశాను. పొద్దున చూస్తే తప్పులు సున్నా. ఒక్కటి కనపడినా విజిటింగ్ కార్డు పట్టుకుని సికింద్రాబాద్ రైలెక్కేదాన్నే.

ఇక ఫైళ్లు దాచుకునే సంగతి. ఇది చెప్పాలంటే ముందు నా పాత గాయం చెప్పాలి.

2022 దసరా అప్పుడు ఆన్‌లైన్‌లో 2 టీబీ పెన్‌డ్రైవ్ 699 అని చూసి కొన్నాను. అప్పటికి 500 జీబీ డిస్క్ నిండి ఎర్ర గీత చూపిస్తోంది. పెన్‌డ్రైవ్ తగిలిస్తే నిజంగానే 2 టీబీ ఖాళీ చూపించింది. 2015 నుంచి 2021 దాకా ఉన్న ఫోల్డర్లు, 180 జీబీ, అందులోకి ఎక్కించి, పేర్లు, సైజులు సరిచూసుకుని, కంప్యూటర్‌లోంచి తీసేశాను. ఏడు నెలల తర్వాత ఒక బడి వాళ్లు 2018 వార్షికోత్సవం సర్టిఫికెట్ మళ్లీ కావాలన్నారు. ఫైలు పేరు ఉంది, సైజు ఉంది, తెరిస్తే లోపల ఏమీ లేదు. ఇంకొకటి తెరిచాను. ఇంకొకటి. ఆ రోజు అన్నం తినలేదు.

ఆ మోసం ఎలా జరుగుతుందో తర్వాత తెలిసింది. లోపల ఉండేది చిన్న చిప్పే. దాన్ని నడిపే కంట్రోలర్‌కు "నేను 2 టీబీ" అని అబద్ధం చెప్పడం నేర్పుతారు. నిజమైన చోటు నిండాక రాసేదంతా గాలిలో కలుస్తుంది, లేదా ముందు రాసిన వాటి మీదే పడుతుంది. ఫైళ్ల పట్టిక మాత్రం నిక్షేపంగా కనిపిస్తుంది కాబట్టి అనుమానం రాదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది డ్రైవ్‌ను అంచుదాకా నింపి, మళ్లీ చదివి, రాసింది రాసినట్టే ఉందో లేదో చెప్తుంది. నా 2 టీబీలో నిజం 29 జీబీ. ఇప్పుడు ఏ పెన్‌డ్రైవ్ కొన్నా, ఏ మెమరీ కార్డు కొన్నా, ఒక్క ఫైలు పెట్టకముందే ఈ పరీక్ష చేస్తాను. చవక పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీల పేరుతోనూ ఇదే ఆట నడుస్తోంది, అందమైన డబ్బా విప్పితే లోపల వేలిగోరంత మెమరీ కార్డు ఉంటుంది.

అందుకే ఈసారి బయటి డిస్క్ కొనలేదు, ఇంట్లో ఉన్నదే వాడాను. ఇందాక చెప్పిన లాభం ఇదే. అబ్బాయి ల్యాప్‌టాప్ బోర్డు కాలింది గానీ దానిలో 1 టీబీ హార్డ్‌డిస్క్ బతికే ఉంది. మా ఆయన 2011 నాటి ల్యాప్‌టాప్‌లో ఇంకో 320 జీబీ డిస్క్. రెండూ 2.5 అంగుళాలవే. యూఎస్‌బీ 3.0 కేసింగ్‌లు ఒక్కోటి 380 చొప్పున రెండు తెచ్చాను. డిస్క్‌ను అందులోకి తోసి మూత వేస్తే అదే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్. వేరే కరెంటు అక్కర్లేదు, యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులతోనే నడుస్తుంది. డెస్క్‌టాప్‌లోంచి తీసిన 3.5 అంగుళాల డిస్క్‌కైతే 12 వోల్టులు కూడా కావాలి కాబట్టి అడాప్టర్ ఉన్న కేసింగ్ కొనాలి, ఖర్చు ఎక్కువ.

పాత డిస్క్‌ను గుడ్డిగా నమ్మలేం. డిస్క్ ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే 1 టీబీది నీలం రంగులో "గుడ్" అంది. 320ది పసుపు రంగులో "కాషన్" చూపించింది, కొన్ని సెక్టార్లు పాడై వేరే చోటికి మార్చుకుందట. అయినా పారేయలేదు. ఎందుకంటే దానికి ఇచ్చింది మూడో కాపీ ఉద్యోగం. అసలు ఫైళ్లు కంప్యూటర్ లోపల పాత 500 జీబీ మీద ఉంటాయి, రెండో కాపీ 1 టీబీ మీద బీరువాలో చీరల మధ్య ఉంటుంది, మూడోది తల్లిగారింట్లో మా అమ్మ దగ్గర. పండగకు వెళ్లినప్పుడల్లా తెచ్చి నింపి మళ్లీ ఇస్తాను. మా ఇంట్లో దొంగలు పడినా, నీళ్లు వచ్చినా అది ఒక్కటి మిగులుతుంది. పసుపు రంగు డిస్క్‌ను అంత దూరం ఎలా నమ్ముతావని మా అబ్బాయి అడిగాడు. నమ్మట్లేదు నాన్నా, ఉన్నదాన్ని వాడుకుంటున్నాను. ఇంకొంచెం డబ్బు చేతికొస్తే కొత్తది కొంటాను. కస్టమర్లు ఓకే చేసిన ఆఖరి పీడీఎఫ్‌లు మాత్రం గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో కూడా ఉంచుతాను.

కేసింగ్ వచ్చిన మొదటిరోజు 60 జీబీ ఎక్కించడానికి ముప్పావు గంట పట్టింది. మోసపోయానేమో అనుకున్నాను. తీరా చూస్తే క్యాబినెట్ ముందు వైపు పోర్టులో పెట్టాను. అది యూఎస్‌బీ 2.0, సెకనుకు 30, 40 ఎంబీలు దాటవు. వెనక వైపు రెండు నీలం పోర్టులు ఉన్నాయి, అవి 3.0. పదకొండేళ్లుగా వాటిలో ఒకదానికి మౌసు, ఇంకోదానికి కీబోర్డు పెట్టుకుని కూర్చున్నాను! వాటిని ముందుకు మార్చి డిస్క్‌ను వెనక్కి పెడితే అదే 60 జీబీ పావుగంటలో ముగిసింది. ఇందులో నా ఖర్చు సున్నా.

మొత్తం లెక్క: ర్యామ్ 950, ఎస్‌ఎస్‌డీ 1,750, కేసింగ్‌లు 760, కేబుళ్లు 120, తమ్ముడికి 300. కలిపితే 3,880. సొరుగులో పడి ఉన్న ఆ ఏఎండీ కార్డు 640 కూడా కలపాలి, న్యాయంగా. 4,520.

నేను కొన్నప్పటికీ ఇప్పటికీ పరిస్థితి మారింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఊడ్చుకుపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఇళ్లకు క్రూషియల్ పేరుతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే మైక్రాన్, ఆ వ్యాపారమే మానేస్తున్నామని డిసెంబర్‌లో ప్రకటించింది. కాబట్టి కొత్త డీడీఆర్4, డీడీఆర్5 కొనబోయేవాళ్లు ధర చూసి గుండె చిక్కబట్టుకోవాలి. ఇంట్లో, బంధువుల ఇళ్లల్లో మూలపడ్డ మెషీన్లను ముందు విప్పి చూడండి. ఒక్కోసారి అదే పెద్ద దుకాణం.

విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నా ఐ3కి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, ఇంటెల్‌లో ఎనిమిదో జెనరేషన్ నుంచే. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగులు సింక్ చేసుకుని, ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకున్నాను. 2026 అక్టోబర్ 13 దాకా. ఆ తర్వాత సంగతి వచ్చే ఆషాఢంలో చూసుకుంటా.

ఒకటి చెప్పడం మరిచాను. 320 జీబీ డిస్క్ కేసింగ్‌లో పెట్టి మొదటిసారి తెరిచినప్పుడు, అందులో మా ఆయన సర్వీసు కాగితాల పక్కన "జ్యోతి పని" అని ఒక ఫోల్డర్ కనపడింది. ఎప్పుడో కరెంటు పోయినప్పుడల్లా ఆ ల్యాప్‌టాప్ మీద పని చేసేదాన్ని, అలా 2018, 2019 ఫైళ్లు కొన్ని అందులో ఉండిపోయాయి. ఆ దొంగ పెన్‌డ్రైవ్ మింగేసినవాటిలో కొన్ని! కుర్చీలోంచి లేచి అత్తమ్మను పిలిచి చూపించాను. ఆమెకు ఏం అర్థమైందో గానీ, "పోయిన సొమ్ము దొరికిందా? మంచిది" అంది.

డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా పనివాళ్లకు తెలుసు ఆ రోజులు ఎలా ఉంటాయో. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసి గుర్తులు ఇవ్వగానే, అదే సాయంత్రం అందరూ ఒకేసారి వచ్చి పడతారు. ఉంగరం వచ్చినాయన, కత్తెర వచ్చినాయన నా ముందుగదిలో ఒకే బల్ల మీద పక్కపక్కనే కూర్చుని, ఒకరి పాంప్లెట్ ఒకరికి కనపడకుండా చూడమని విడివిడిగా నా చెవిలో చెప్పారు. ఫోటోషాప్, కోరల్‌డ్రా, వాట్సాప్ వెబ్ అన్నీ తెరిచే ఉన్నాయి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ 71 శాతం.

రాత్రి పది దాటాక ఒక పెద్దాయన వచ్చాడు. 2019 జనవరి ఎన్నికల్లోనూ నా దగ్గరే పాంప్లెట్ చేయించాడట, అదే డిజైన్ కావాలన్నాడు. బీరువాలోంచి డిస్క్ తెచ్చి నీలం పోర్టులో పెట్టి, అందులోకి ఎక్కించుకున్న ఆ "జ్యోతి పని" ఫోల్డర్ తెరిచి చూస్తే ఉంది. పేరు, ఊరు, హామీలు అన్నీ. అప్పుడు ఉంగరం, ఇప్పుడు కత్తెర. గుర్తు మార్చాను, హామీల్లో రెండు తీసేయమన్నాడు, తీసేశాను. ఇప్పటి ఫోటో ఫోన్‌లో పంపమన్నాను. ఆయన కాసేపు తెర మీద తన ఏడేళ్ల కిందటి మొహం వైపు, నల్లటి మీసం వైపు చూసుకున్నాడు.

"చెల్లె, ఫోటో మాత్రం పాతదే ఉండనియ్యి" అన్నాడు.